మూసలో ఉక్కు, మడతలో ఉక్కు

లేపాక్షి బసవన్న ముందు నిలబడినప్పుడు మనందరం శిల్పి చేతిని మెచ్చుకుంటాం. ఇరవై ఏడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తు, ఒకే రాయి. ఆ రాయిని తొలిచిన ఉలి సంగతి ఎవరికీ గుర్తురాదు. గ్రానైటు మీద ఉలి మొన ఎంతోసేపు నిలవదు. మొద్దుబారిన ఉలిని మళ్ళీ కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి పదును తెచ్చే కమ్మరి పక్కనే ఉండాలి. 16వ శతాబ్దంలో పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ పూనికతో వీరభద్రాలయం లేస్తున్నప్పుడు, కూర్మశైలం అనే ఆ గుట్ట మీద ఉలి చప్పుడు ఎంత వినిపించిందో కొలిమి తిత్తి ఊపిరీ అంతే వినిపించి ఉండాలి. విరూపణ్ణ బొమ్మ ఆలయం కప్పు మీది చిత్రాల్లో ఉంది. కమ్మరి పేరు ఎక్కడా లేదు.

అదే కాలంలో జపాన్‌లోని బిజెన్ సీమలో, ఓసాఫునె అనే ఊళ్ళో, కత్తి చేసిన కమ్మరి పిడిలోకి దిగే తోక మీద తన పేరు చెక్కుకునేవాడు. పేరుతోపాటు ఊరు, ఏడాది, నెల కూడా. మన కొలిమికీ వాళ్ళ కొలిమికీ ఉన్న తేడాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. పనితనంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. అయితే వాళ్ళ పనితనం చివర కత్తిలో నిలిచింది. మనది మొదట్లోనే, ఉక్కు ముద్దలో ముగిసి, ఆపైన లోకమంతా చెదిరిపోయింది.

మొదలు మాత్రం ఒక్కటే. 1800లో మైసూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, వానలకు వాగుల్లోకి కొట్టుకొచ్చే నల్ల ఇసుకను కడిగి ఇనుము తీసేవాళ్ళను చూసి రాశాడు. లేపాక్షి ఆ సీమ అంచునే ఉంది. అలాగే జపాన్‌లో ఇజుమో కొండల ఇసుక. అక్కడ షిమానె జిల్లా ఒకుఇజుమోలో ఈనాటికీ చలికాలంలో ‘తతర’ అనే మట్టి కొలిమిని వెలిగిస్తారు. దాదాపు పది టన్నుల ఇసుక, పన్నెండు టన్నుల బొగ్గు, మూడు పగళ్ళు, మూడు రాత్రులు. ‘మురగె’ అనే పెద్ద మేస్త్రి మంట రంగు చూసి ఎప్పుడు ఎంత ఇసుక చల్లాలో చెబుతాడు. చివరికి కొలిమి గోడలు పగలగొట్టి రెండున్నర టన్నుల గడ్డను బయటికి లాగుతారు. అందులో మేలైన భాగమే ‘తమహగనె’. గడ్డ పుట్టాలంటే కొలిమి చావాల్సిందే.

మన దగ్గర పగిలేది మూస. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820 ప్రాంతంలో నిజామాబాద్ సీమలోని కోనసముద్రంలో ఈ పని దగ్గరుండి చూశాడు. రెండు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును కలిపి మూసలో పెట్టి, మూతి మూసి, రాత్రింబవళ్ళు కాల్చేవారు. మట్టిలో వరి ఊక కలిపిన మూస అంత వేడికీ నిలిచేది. సేలం వైపైతే ఇనుప ముక్కతోపాటు ఎండు తంగేడు కట్టె వేసి, పైన జిల్లేడాకు కప్పేవారు. మన కరువు నేల మీద ఎవరూ నాటకుండానే పెరిగే ఈ రెండు మొక్కలే ఇనుములోకి కర్బనాన్ని ఎక్కించేవి. ఇనుము పూర్తిగా కరిగి, మెల్లగా చల్లారి, మూస పగలగొడితే అరచేతిలో పట్టే ఉక్కు ముద్ద వచ్చేది. అందులో కర్బనం ఇంచుమించు ఒకటిన్నర శాతం.

తమహగనెలోనూ కర్బనం దాదాపు అంతే. కాకపోతే అది కరిగిన ఉక్కు కాదు; ఒకచోట గట్టి, ఒకచోట మెత్తన, నడుమ చిట్టెం. ఆ ఎగుడుదిగుడును జపాన్ కమ్మరి సమ్మెటతో సరిచేస్తాడు. సాగగొట్టి, మడిచి, మళ్ళీ సాగగొట్టి, పది పదిహేను సార్లు. మడతకాజాలా పొర మీద పొర వేలకు చేరుతుంది, చిట్టెం నిప్పురవ్వలై ఎగిరిపోతుంది, కర్బనం సగానికి దిగుతుంది. మన ఉక్కుకు ఆ అవసరం లేదు; మూసలోని మంటే దాన్ని సమం చేసింది. దానికి కావలసింది మరో రకం ఓర్పు. తెల్లగా కాలిస్తే దెబ్బకు పిండైపోతుంది. ఎర్రదనం దాటనివ్వకుండా, చిన్న దెబ్బలతో, చాలాసేపు సాగదీయాలి.

కత్తి ఒంటి మీద కనబడే అలలు రెండు చోట్లా ఉన్నాయి. కోనసముద్రానికి ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ముద్దలు పారసీక దేశంలో కత్తులయ్యాయి. వాటి మీద పారే నీటి జాడలు ముద్ద పుట్టుకలోనే ఉన్నాయి. ఆమ్లంతో కడిగితే పైకి తేలతాయి. జపాన్ కత్తి ఒంటి మీది పొరల గీతలు సమ్మెటవి. అంచు వెంబడి పొగమంచులా సాగే తెల్లని గీత మాత్రం మట్టిది. కమ్మరి కత్తి వీపున మట్టి మందంగా, అంచున పలచగా పూసి, ఉక్కు రంగు తెలిసేలా గది చీకటి చేసుకుని కాల్చి, నీళ్ళలో ముంచుతాడు. అంచు చప్పున చల్లారి గట్టిపడుతుంది, వీపు మెత్తగా మిగులుతుంది, అంచు ఉబ్బడంతో కత్తి వంపు తిరుగుతుంది. ఆ ఒక్క క్షణంలో నెలల పని పగిలిపోనూవచ్చు. మన లేపాక్షి కమ్మరి ఉలి మొనను మాత్రమే నీళ్ళకు తాకించడంలోనూ ఇదే తెలివి ఉంది: కోసేచోట గట్టిదనం, దెబ్బ తినేచోట మెత్తదనం.

కాలం ఇద్దరినీ కొట్టింది. జపాన్‌లో 1876లో మెయిజి ప్రభుత్వం నడుముకు కత్తి కట్టడాన్ని నిషేధించింది. 1945 తర్వాత ఆక్రమణ సైన్యం కత్తుల తయారీనే ఆపించింది. అయినా 1953లో అనుమతులతో పని మళ్ళీ మొదలైంది. ఐదేళ్ళు గురువు దగ్గర చేస్తేనే పరీక్ష. నెలకు రెండు పొడవు కత్తులకే అనుమతి. ఆరిపోయిన తతరను 1977లో కత్తుల పరిరక్షణ సంఘం తిరిగి వెలిగించింది. మనకు ఇంగ్లండు చౌక ఉక్కు వచ్చింది, అడవుల మీద ఆంక్షలొచ్చి బొగ్గు కరువైంది. మూసల ఉక్కు ఆరిపోయింది. వెలిగించే సంఘం లేకపోయింది. ఉత్తర తెలంగాణ పొలాల్లో చిట్టెం కుప్పలూ, మూస పెంకులూ మిగిలాయి. 2010లో బెంగళూరు, ఇంగ్లండులోని ఎక్సెటర్ పరిశోధకులు ఊరూరా తిరిగి వాటిని నమోదు చేశారు. నమోదు మంచిదే. కానీ మన కమ్మరి చేత ఒక్క మూసనైనా కాల్పించాలి కదా అని నా పట్టుదల.

ఈ రెండు కథలూ దగ్గరికి జరిగే చోటు ఒకటుంది. 17వ శతాబ్దం మొదట్లో జపాన్‌ను ఏలిన షోగున్ వంశానికి మూలపురుషుడైన తొకుగవా ఇయెయాసు కొలువులో చేరిన యాసుత్సుగు అనే కమ్మరి పరదేశపు ఇనుమును వాడాడు. అది పోర్చుగీసు, డచ్చి ఓడల్లో వచ్చేది. డచ్చివాళ్ళు మన మచిలీపట్నంలో 1606 నాటికే గిడ్డంగి పెట్టారు, జపాన్ హిరాదో రేవులో 1609లో. గోలకొండ రాజ్యపు ఇనుమూ ఉక్కూ వాళ్ళ సరుకుల్లో ఉండేవి. యాసుత్సుగు చేతికి వచ్చిన ఇనుము ఏ రేవులో ఓడెక్కిందో కత్తి చెప్పదు. కాబట్టి అది మనదేనని నేను అనను. సొంత నేల ఇసుకను అంత పవిత్రంగా చూసుకునే సంప్రదాయంలో ఆయన పరాయి ఇనుమును దాచలేదన్నదే నాకు ముఖ్యం. షోగున్ వంశపు ఆకుల ముద్ర, తన పేరు, పరదేశపు ఇనుముతో చేశానన్న మాట, మూడింటినీ ఒకే తోక మీద చెక్కాడు.