కొల్లూరు దాకా నీడ

కారులో పోయేవాడికి రోడ్డు మెరక తెలియదు. సైకిల్ తొక్కేవాడి మోకాళ్లకు తెలుస్తుంది. మూతపడ్డ రైలు మార్గాలంటే ప్రపంచమంతటా సైకిలు జనానికి అంత మోజు ఉండటానికి కారణం అదే. రైలింజను నిటారు ఎత్తు ఎక్కలేదు, ఇరుకు మలుపు తిరగలేదు. దాని కోసం గుట్టలు తొలిచి, కట్టలు పోసి చదును చేసిన దారి, పట్టాలు తీసేశాక సైకిలుకు అచ్చంగా సరిపోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎల్రాయ్ నుంచి స్పార్టాకు 1960లలో ఇలా వేసిన 51 కిలోమీటర్ల బాట మూడు పాత రైలు సొరంగాల్లోంచి పోతుంది.

మనకు ఆ వీలు తక్కువ. మీటరు గేజి లైన్లను మనం వదిలెయ్యలేదు, చాలావరకు బ్రాడ్ గేజిగా మార్చుకున్నాం. విజయవాడ సత్యనారాయణపురంలో పట్టాలు తీసిన చోట బీఆర్టీఎస్ రోడ్డు వచ్చింది. పటాన్‌చెరు వైపు మాత్రం మరోరకం దారి దొరికింది. హైదరాబాదు చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుకూ దాని సర్వీసు రోడ్డుకూ నడుమ మిగిలిన నేల అది. వేగంగా పోయే బండ్ల కోసం ఔటర్‌ను కూడా పెద్ద పెద్ద వంపులతో, చిన్న వాలుతో వేశారు. దాని పక్కనే సాగే సైకిలు బాటకు ఆ గుణం ఉచితంగా అబ్బింది. తమాషా ఏమిటంటే, ఆ ఔటర్ మీదికి సైకిలునే కాదు, మోటారు సైకిలునూ రానివ్వరు.

2022 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగి, 2023 అక్టోబరు 1న తెరుచుకున్న ఈ సోలార్ సైకిల్ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు దాకా 14.5. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు వరసలు. అంటే మనిషికి మీటరున్నర. సైకిల్ హ్యాండిల్ సాధారణంగా ముప్పాతిక మీటరుకు మించదు కాబట్టి పక్కవాడి మోచెయ్యి తగలకుండా ముచ్చట్లు చెప్పుకుంటూ తొక్కవచ్చు. చిన్న కొలతే గానీ, ఇక్కడ పొదుపు చేసి ఉంటే తతిమ్మాదంతా దండగయ్యేది.

ఇక పైకప్పు. అసలు పనితనం అక్కడుంది. 23లో దాదాపు 21 కిలోమీటర్లకు సోలార్ పలకలే కప్పు. సామర్థ్యం 16 మెగావాట్లు. ఈ అంకెలను కాగితం మీద భాగిస్తే మీటరు కప్పుకు 760 వాట్ల చొప్పున వస్తుంది. నేటి పలక చదరపు మీటరుకు సుమారు 200 వాట్లు ఇస్తుంది. బాట వెడల్పుతో గుణించి చూడండి: కప్పులో చాలా భాగం పలకలతో నిండితే తప్ప ఆ లెక్క తేలదు. ముందు రేకులు వేసి, వాటి మీద అలంకారానికి నాలుగు పలకలు పెట్టిన పని కాదిది. నీడనిచ్చేదీ కరెంటు ఇచ్చేదీ ఒకటే వస్తువు. ఇంత కరెంటుకు నేల మీద పలకలు పరిస్తే, మెగావాటుకు నాలుగైదు ఎకరాల చొప్పున అరవై నాలుగు నుంచి ఎనభై ఎకరాలు కావాలి. నేల ధర మండిపోయే కోకాపేట పక్కన అంత చోటు ఎవరిస్తారు?

ఒక చిక్కుంది. పలకలు దక్షిణానికి తిరిగి ఉంటే మేలు. కానీ ఇక్కడ కప్పు దిక్కును నిర్ణయించేది రోడ్డు వంపు. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉండటం ఇక్కడే కలిసొచ్చింది. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా తిరిగే చోట పలక కాస్త బల్లపరుపుగా ఉన్నా నష్టం స్వల్పం. దీనికి ప్రేరణ అయిన దక్షిణ కొరియా బాట 36 డిగ్రీల మీద ఉంది. డేజన్ నుంచి సెజాంగ్‌కు పోయే ఆ బాటను హైవే నట్టనడుమ వేశారు. దాన్ని చేరాలంటే సొరంగంలోంచి రావాలి, అటూ ఇటూ వాహనాల పొగ. మనవాళ్లు దాన్ని యథాతథంగా దించుకోకుండా అంచుకు జరిపారు. అనుకరణలో ఆపాటి సొంత బుర్ర వాడటం నాకు నచ్చింది.

అయితే కప్పు గురించి ఒక మాట చెప్పక తప్పదు. పొద్దునా సాయంత్రమూ ఎండ ఏటవాలుగా లోపలికొస్తుంది, షికారుకు వచ్చేవాళ్లు ఎక్కువగా తొక్కేది ఆ వేళల్లోనే. కప్పు విలువ తెలిసేది పది దాటాక, లేదా వాన పడుతుంటే. అంటే ఆ వేళల్లో షిఫ్టు పనికి పోయేవాడికి. కానీ ఈ బాట పోయేది ఎక్కువగా ఐటీ కొలువుల పక్కనుంచి.

కొల్లూరు కొసన ప్రభుత్వం కట్టిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లున్నాయి. అక్కడినుంచి ఔటర్ మీద ఇంకొంత ముందుకు పోతే ముత్తంగి, పటాన్‌చెరు పారిశ్రామికవాడ. మిట్టమధ్యాహ్నం షిఫ్టు మారేది అక్కడ. తర్వాతి విడత ఎప్పుడు వేసినా, ముందు ఆ ముత్తంగి దాకా వెయ్యండి.