నల్లమల కావలి

శ్రీశైలం వెళ్లేవాళ్లకు రోడ్డు పక్క కోతులు కనిపిస్తాయి గానీ, అడవి లోపల బేస్ క్యాంపుల్లో ఉండే చెంచు వాచర్లు కనిపించరు. దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో వాళ్లది కాలినడక కాపలా. దుమ్ములో పులి అడుగు కనబడితే వంగి, అంచు చెదిరిందో లేదో చూసి, రాత్రిదో నిన్నటిదో చెప్పేస్తారు. నా దృష్టిలో అది గొప్ప విద్య. పొదల్లో వేటగాడు బిగించిన సన్నటి తీగ ఉచ్చునూ ఆ కళ్లే పట్టుకోవాలి. ఇక ఎండాకాలం వస్తే నిద్ర ఉండదు. ఎండుగడ్డి అంటుకుంటే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాలి, పొగ మింగుతూ, తాగే నీళ్లు సీసాలో అడుగంటుతున్నా. ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు బీడీ ముక్క, సిగరెట్ పీక బయటికి విసరకండి. ఆ మంటకు ఎదురు వెళ్లాల్సింది వాళ్లే.