పేరు లేని కొడుకు: ‘ఎమ్ అండ్ ద బిగ్ హూమ్’ నవలా పరిశీలన

జెర్రీ పింటో ఇంగ్లీషులో రాసిన తొలి నవల ‘ఎమ్ అండ్ ద బిగ్ హూమ్’ 2012లో వెలువడింది. 2016లో దీనికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. బొంబాయిలోని మాహిం ప్రాంతంలో చిన్న ఫ్లాటులో ఉండే గోవా క్రైస్తవ కుటుంబం కథ ఇది. తల్లి ఇమెల్డాకు బైపోలార్ వ్యాధి. కొన్నాళ్లు పట్టపగ్గాల్లేని ఉత్సాహం, కొన్నాళ్లు అంతులేని కుంగుబాటు. పలుమార్లు ఆత్మహత్యకు ప్రయత్నిస్తుంది. భర్త అగస్టిన్, కూతురు సుసాన్, కొడుకు ఆమెను కనిపెట్టుకొని ఉంటారు. పిల్లలు తల్లిని ‘ఎమ్’ అనీ, తండ్రిని ‘బిగ్ హూమ్’ అనీ పిలుస్తారు.

కథ చెప్పేది కొడుకు. అతడికి నవలలో ఎక్కడా పేరు లేదని గమనించండి. అమ్మ ఈ రోజు ఎలా ఉంది అన్న ప్రశ్న చుట్టూ తిరిగిన బాల్యం అతడిది. తనకంటూ వేరే కథ ఉండే వీలు అతడికి తక్కువ.

ఇలాంటి కథల్లో మనం సాధారణంగా త్యాగాన్ని ఆశిస్తాం. పింటో దాని జోలికి పోలేదు. ఇక్కడ కొడుకు చేసే ప్రధానమైన సేవ వినడం. జె.జె. ఆసుపత్రి 33వ వార్డులోనూ, ఇంట్లో టీ కప్పుల మధ్య, బీడీ పొగలోనూ అతడు తల్లిని ప్రశ్నిస్తూనే ఉంటాడు. ఆమె ఉత్తరాలు, డైరీలు చదువుతాడు. ఈ జబ్బు ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలని అతడి తపన. నువ్వు పుట్టాకే మొదలైందని తల్లి చెబుతుంది. ఆ మాట విన్న కొడుకు ఆ తరువాత ఏ ప్రశ్న అడిగినా అది తన గురించి కూడా అవుతుంది. ఈ వ్యాధి రేపు తనకూ వస్తుందేమోనన్న భయం అతణ్ణి వదలదు. ప్రేమతో అడుగుతున్నాడా, భయంతో అడుగుతున్నాడా అని విడదీయలేం. నవల బలం నా దృష్టిలో ఇదే.

నవలలో నవ్వు కూడా తక్కువేమీ కాదు. తల్లులు పిల్లలతో అనరని మనం అనుకునే మాటలన్నీ ఎమ్ అనేస్తుంది. పాఠకుడు నవ్వుతాడు, వెంటనే ఇబ్బంది పడతాడు. ఆ పిల్లల రోజువారీ స్థితీ అదే.

‘మ్యాడ్’ అనే మాట గురించి కథకుడు ఒకచోట ఆలోచిస్తాడు. తెలుగులో మనమూ పిచ్చిపిల్ల, పిచ్చి ప్రేమ, పిచ్చి సినిమా అని తేలిగ్గా అనేస్తాం. తల్లి మానసిక రోగి అయిన ఇంట్లో ఆ మాట అంత తేలిక కాదు. (సంబంధాలు తప్పిపోతాయని జబ్బు పేరే బయటపెట్టని ఇళ్లు మన వైపూ ఉన్నాయి.)

లోపాలు లేవా? ఉన్నాయి. బిగ్ హూమ్ మరీ ఆదర్శప్రాయుడు. అతడి అలసట మనకు లోపలి నుంచి కనబడదు. అంతకంటే పెద్ద లోపం సుసాన్ విషయంలో ఉంది. రోగి సేవ చాలా ఇళ్లలో ఆడపిల్ల మీదే పడుతుంది. అయినా తల్లి గురించి ఆమె ఏమనుకుందో తమ్ముడి మాటల్లోనే తెలుస్తుంది. పేరు లేకపోయినా అతడికి గొంతు ఉంది. పేరున్న సుసాన్‌కు అది దక్కలేదు.

అభ్యాసం: నవలలోని ఏదైనా ఒక ఆసుపత్రి సన్నివేశాన్ని సుసాన్ దృష్టికోణం నుంచి పది వాక్యాల్లో తిరిగి రాయండి.