ఇరవై ఆరు పేజీల పనితనం

రీసెర్చ్ జర్నల్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే నిర్వచనాలు వల్లెవేయనక్కర్లేదు, మంచి పేపరొకటి నిదానంగా చదివితే చాలు. నన్నడిగితే ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 1925 నాటి 66వ సంపుటంలో 375వ పేజీలో మొదలయ్యే ఇరవై ఆరు పేజీల పేపరు తెరవమంటాను. రాసినవాళ్లు ఇద్దరు: సైరస్ ఫిస్క్, యల్లాప్రగడ సుబ్బారావు. అవును, భీమవరంలో పుట్టిన మన సుబ్బారావే. హార్వర్డ్ మెడికల్ స్కూల్లో పనిచేస్తున్న ఆయనకు అప్పటికి పీహెచ్‌డీ కూడా చేతికి రాలేదు. అది 1930లో వచ్చింది.

బెంగళూరు కె.ఆర్.పురంలో ఉన్నవాళ్లకు ఆ పేపరుతో పనేమిటంటే, ఇక్కడి వెంగయ్యన కెరె లాంటి చెరువుల్ని చూడండి. ఊరి మురుగుతో, బట్టల సబ్బు పొడులతో పాటు ఫాస్ఫరస్ నీళ్లలోకి దిగుతుంది. అది ఎక్కువైతే గుర్రపుడెక్క అల్లుకుపోతుంది. నీళ్లలో ఫాస్ఫేట్ ఎంతుందో తేల్చడానికి ల్యాబులో మోలిబ్డేట్ కలిపి నీలి రంగు తెప్పిస్తారు. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. కలిపే మందులు మారి ఉండొచ్చు గానీ, ఫిస్క్, సుబ్బారావు రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని కొలిచిన పద్ధతీ ఈ కుటుంబంలోదే.

నీలి రంగుతో కొలవడం వాళ్లు కనిపెట్టింది కాదు. 1920లో బెల్, డోయిజీ ఒక పద్ధతి ఇచ్చారు, 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించాడు. జర్నల్ అనేది ఇలాగే నడుస్తుంది: ఒకరు అచ్చువేసిన దాని మీద ఇంకొకరు చెయ్యి వేస్తారు. ఫిస్క్, సుబ్బారావు మార్చింది ముఖ్యంగా రంగు తెప్పించే మందుని. హైడ్రోక్వినోన్ తీసేసి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం పెట్టారు. దాంతో రంగు త్వరగా వచ్చింది, కొలత నమ్మదగినదైంది. ఆ మందు కలిపే తీరు తర్వాత పాఠ్యపుస్తకాలకెక్కింది: అర గ్రాము పొడి, 15 శాతం సోడియం బైసల్ఫైట్ 195 సీసీలు, 20 శాతం సోడియం సల్ఫైట్ 5 సీసీలు. ఈ అంకెల్లో నాకొక పెద్ద మర్యాద కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని మనిషి, ఏ దేశంలోనో కూర్చుని, రాసినవాళ్లను ఒక్క మాట అడగకుండా అదే పని చేసుకోగలగాలి. జర్నల్ పేపరుకి అసలు పరీక్ష అదే. అచ్చుకు ముందు నిపుణులు చదివి ఆక్షేపించడం, తిప్పి పంపడం, సవరణలు అడగడం అన్నీ ఆ పరీక్షకు సన్నాహాలే.

ఈ పనితనం విలువ రెండేళ్లలో బయటపడింది. కండరాల రసంలో ఫాస్ఫేట్ కొలవబోతే నీలి రంగు రావలసిన వేగంతో రాలేదు, మెల్లగా చిక్కబడింది. పద్ధతి వదులుగా ఉండి ఉంటే, ఏదో తేడా వచ్చిందని గిన్నె కడిగేసేవాళ్లే. రంగు ఎంతసేపటికి రావాలో వీళ్లకు నిక్కచ్చిగా తెలుసు కాబట్టి ఆలస్యాన్ని పట్టుకున్నారు. ఆమ్లంలో నిలవలేక కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ని వదులుతున్న పదార్థమేదో కండరంలో ఉందన్నమాట. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927 ఏప్రిల్ 22 నాటి ‘సైన్స్’ పత్రికలో ఆ సంగతి ప్రకటించారు. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలో ఇలాంటి పదార్థాన్నే చూసి, ఫాస్ఫజెన్ అని పేరు పెట్టి, ‘బయోకెమికల్ జర్నల్’లో వేశారు. ఎవరు ఎప్పుడు ఏం చూశారో ఈనాటికీ తేల్చి చెప్పగలుగుతున్నామంటే సంపుటం, పేజీ, తేదీ ఉండబట్టే.

కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతం అప్పట్లో రాజ్యమేలుతోంది. ఆ రంగంలో పనికి హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ దక్కింది కూడా. ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని కదిలించింది. లాక్టిక్ ఆమ్లం తయారుకాకుండానే కండరం ముడుచుకోగలదని 1930లో లుండ్స్‌గార్డ్ చూపించాక ఆ సిద్ధాంతం పడిపోయింది. నోబెల్ వచ్చిన మాటనైనా కొలత చూపించి కాదనే హక్కు పేరులేని కుర్రవాడికి ఇస్తుంది కాబట్టే జర్నల్ అంటే నాకు అంత గౌరవం.

1929లో ఫిస్క్, సుబ్బారావు కణాలకు శక్తి అందించే ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఆ పని చేశాడు. ఏటీపీని విడగొట్టే ఎంజైములు ఎంత ఫాస్ఫేట్ వదులుతున్నాయో కొలవడానికి, ఏటీపీ సంగతి ఎవరికీ తెలియని 1925 నాటి ఆ పద్ధతినే తర్వాతి తరాలు వాడుకున్నాయి. ఆ పేపరు అచ్చైన ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’ 2021 నుంచి అందరికీ ఉచితం. పాత సంపుటాలు కూడా ఫోనులోనే చదువుకోవచ్చు.