ఆప్తుడెవడు? – ఆరోగ్య ప్రచారకుల ప్రామాణ్య విచారము

బొంబాయి నగరమందలి ఫోరస్ రోడ్డునకును కామాఠిపుర సందులకును తెలుగువారితో గల సంబంధము రెండు శతాబ్దములకు మించినది. హైదరాబాదు సీమనుండి వచ్చి రోడ్లును ఇండ్లును కట్టిన కామాఠీలనుబట్టియే ఆ పేటకు ఆ పేరు కలిగినది. అచ్చటి చాల్‌లలో నివసించు కుటుంబములకు నడిచి పోదగిన దూరములో నాయరు ఆసుపత్రి కలదు. దానికంటె చేరువగా, చేతి ఫోనులో, తమ్ము తాము స్వతంత్ర పరిశోధకులని చెప్పుకొనువారు ఉన్నారు. ఒకరు మధుమేహమునకు పొడిని, ఒకరు మోకాళ్ల నొప్పులకు గుళికలను, ఇంకొకరు సర్వరోగములకు ఒకే ఆహార నియమమును చెప్పుచున్నారు. వీరు తెలుగులో, అయినవారివలె, ఓపికగా మాటాడుదురు. ఆసుపత్రి వరుసలో నిలిచి అలసినవారికి అట్టి ఓపిక అరుదుగా లభించును. కావున వారి మాట మనసున నాటుకొనుట వింత కాదు. అయితే ఆ మాట నమ్మి ఇన్సులిను మానినవాడును, క్షయకు ఇచ్చిన మాత్రలను నడుమ విడిచినవాడును ప్రాణమునే పణముగా ఒడ్డుచున్నారు. కనుక ఆ ప్రచారకుల ప్రామాణ్యమును నిర్ణయించు పద్ధతి ఏదో విచారింపవలసియున్నది.

మన తర్కశాస్త్రము ప్రత్యక్షానుమానములతోపాటు శబ్దమును, అనగా ఆప్తవాక్యమును, ప్రమాణముగా అంగీకరించినది. ఉన్నది ఉన్నట్లు పలుకువాడు ఆప్తుడు. మాత్రలోని ద్రవ్యమును గృహిణి స్వయముగా పరీక్షింపజాలదు. ఎవరినో ఒకరిని నమ్మక తప్పదు. ఎవరిని నమ్మవలెనను ప్రశ్నకు లోకము సామాన్యముగా చెప్పు సమాధానములు మూడు: వైద్యపట్టము గలవానిని, గొప్ప పేరు గలవానిని, ధనాపేక్ష లేనివానిని. ఈ మూడును చాలవని చరిత్ర చూపుచున్నది. ఆ శాస్త్రమే మరియొక కొలతను ఇచ్చినది. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. మందు తిని కోలుకొన్నవారిని చూపుట అన్వయము మాత్రమే. తిననివారు ఏమైరో చూపినగాని వ్యతిరేకము సిద్ధింపదు. వ్యతిరేకము లేని అన్వయము కాకతాళీయము కావచ్చును. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్క క్షణమున జరిగినంతమాత్రమున కాకియే పండును రాల్చినదనరాదు.

మొదట పట్టము మాట. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు టీకా కనుగొన్న వాల్దెమార్ హాఫ్కిన్ వైద్యుడు కాడు; జంతుశాస్త్రము చదివినవాడు. పట్టమే కొలతయైనచో ఆయన మాటను త్రోసివేయవలసినదే. అయితే ఆయన 1897 జనవరి 10వ తేదీన ఆ టీకాను మొదట తన శరీరములోనికే ఎక్కించుకొనెను. అంతటితో తృప్తి చెందలేదు. ఆ నెలలోనే కామాఠిపురమునకు సమీపమున గల బైకుల్లా జైలులో ప్లేగు తలయెత్తగా, ఇష్టపడిన ఖైదీలకు టీకా వేసి, వేయించుకొననివారిని కూడ లెక్కలో ఉంచెను. ఒకే కప్పు క్రింద, ఒకే తిండి తినుచు ఉన్న రెండు జట్లు అవి. టీకా లేనివారిలో 12 మందికి ప్లేగు సోకి ఆరుగురు మరణించిరి. టీకా పొందినవారిలో ఇద్దరికి సోకినది, మరణము లేదు. సంఖ్యలు చిన్నవే. అయినను రెండవ జట్టు ఉండుటచేత ఆ మాటకు బరువు వచ్చెను. 1902లో పంజాబునందలి మల్కోవాల్ గ్రామములో టీకా పొందిన 19 మంది ధనుర్వాతముతో చనిపోయినప్పుడు నిందయంతయు ఆయనపై పడెను. మృతులందరికి ఒకే సీసా నుండి సూది వేయబడినదనియు, తక్కిన సీసాలనుండి వేయించుకొన్నవారికి ఆ హాని కలుగలేదనియు లెక్కలలో ఉండుటచేతనే విచారణకు దారి దొరికినది. 1907 నాటికి ఆయన నిర్దోషియని తేలెను. లెక్క వ్రాసి ఉంచిన వానికి ఆపదలో ఆ లెక్కయే సాక్షి.

రెండవది పేరు. లైనస్ పాలింగునకు రసాయనశాస్త్రమున 1954లోను, శాంతికై 1962లోను నోబెల్ బహుమానములు లభించినవి. ఆయన 1970లో జలుబునకు సి విటమిను దివ్యౌషధమని గ్రంథము ప్రకటించెను. 1976లో కామెరన్ అను వైద్యునితో కలసి, ఆ విటమిను పొందిన క్యాన్సరు రోగులు అధికకాలము జీవించిరని వ్రాసెను. అందులోను రెండవ జట్టు కలదు. కాని అది పాత ఆసుపత్రి దస్తరముల నుండి ఏరితెచ్చిన జట్టు. రెండు జట్లును మొదట సమానముగా ఉండెనా అను సందేహము అట్లే నిలిచినది. అమెరికాలోని మేయో వైద్యాలయమువారు చీటీలు వేసినట్లు రోగులను రెండుగా పంచి, ఒక జట్టునకు విటమినును, మరియొక జట్టునకు మందు లేని మాత్రను ఇచ్చి, 1979లోను 1985లోను ఫలితములు ప్రకటించిరి. భేదము కనబడలేదు. రెండు నోబెల్ బహుమానములు కూడ వ్యతిరేకమునకు బదులు నిలువజాలవు.

పోషక ద్రవ్యములన్నియు మోసమని ఇందువలన అనుకొనరాదు. సత్యమైన దానికి ఉదాహరణము బొంబాయిలోనే కలదు. 1928లో లూసీ విల్స్ అను వైద్యురాలు ఈ నగరమునకు వచ్చి, మిల్లు కూలీలలో గర్భిణులకు కలుగు తీవ్రమైన రక్తహీనతను పరిశోధించెను. ఆ మిల్లులలో తెలుగు పద్మశాలీలు కూడ మగ్గము నడిపినవారే. ఆమె ఒక్కొక్క విటమినును పరీక్షించుచు, పనిచేయనిదానిని పనిచేయలేదనియే వ్రాసెను. చివరకు ఈస్టు సారమైన మార్మైట్ అను చౌక పదార్థము పనిచేయునని 1931లో ప్రకటించెను. ఆమె ఎలుకలపై చేసిన ప్రయోగములందు కనబడిన రక్తహీనత కొంత పేల మూలముగా వ్యాపించు వేరొక వ్యాధివలన కలిగినదని తరువాత తేలెను. ఆ చిక్కు మరుగుపడలేదు. కోతులపైనను రోగులపైనను పరీక్ష ముందునకు సాగినది. ఆ సారములోని గుణద్రవ్యమే ఫోలిక్ ఆమ్లము. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. 1991లో 7 దేశములలోని 33 కేంద్రములందు జరిగిన పరీక్షలో, ముందొకసారి వెన్నుపాము లోపము గల శిశువును కన్న తల్లులు గర్భధారణమునకు ముందునుండియే ఈ మాత్ర తీసికొన్నచో ఆ లోపము మరల కలుగుట సుమారు నూటికి 72 పాళ్లు తగ్గునని రూఢియైనది.

అయితే ఈ మంచి మాత్రకును హద్దు కలదు. బి12 విటమిను లోపించినవానికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును గాని నరముల క్షయము లోలోపల సాగుచునే యుండును. ల్యుకీమియా వ్యాధిగ్రస్తులైన బాలురకు ఈ జాతి ద్రవ్యములు ఇచ్చినప్పుడు వ్యాధి హెచ్చినట్లు బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ గమనించెను. ఆ గమనికనుండియే, సుబ్బారావు బృందము సిద్ధపరచిన ప్రతిద్రవ్యముతో 1947లో ల్యుకీమియా చికిత్స ఆరంభమైనది. ఎవరికి మేలు, ఎవరికి కీడు అను రెండింటిని పరిశోధకుడు చెప్పును. అందరికి అన్నిటికి మేలని చెప్పువాడు బేరగాడు.

మూడవది ధనాపేక్ష లేకుండుట. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్య కోవిడు మందును ఉచితముగా పంచెను. వేలకొలది జనులు గుమిగూడిరి. ఆయన ధర్మబుద్ధిని శంకింప పనిలేదు. పరీక్షించినవారు దినుసులలో హానికరమైనది కనబడలేదనిరి. రోగము కుదుర్చునని మాత్రము చెప్పలేదు. ప్రభుత్వము నోటి మందులకు అనుమతి ఇచ్చి కంటి చుక్కలకు ఇవ్వలేదు. చుక్కలు పడిన కొద్ది నిమిషములలోనే తేరుకొంటినని చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుని మాట దేశమంతట వ్యాపించెను. ఆయన ఆ నెలాఖరున ఆసుపత్రిలో మరణించెను. ఆ మరణమునుబట్టి మందు చంపినదనుట ఎంత తొందరపాటో, ఆ మొదటి మాటనుబట్టి మందు బ్రతికించినదనుటయు అంతే తొందరపాటు. కోవిడు సోకినవారిలో అత్యధికులు ఏ మందు తిన్నను తినకున్నను కోలుకొనిరి. అట్టి వ్యాధిలో కోలుకొన్నవారిని ఎందరిని లెక్కించినను వ్యతిరేకము లేక నిర్ణయము కుదురదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగును. పెద్ద కంపెనీలు నిజములు దాచవా, దేశీయ వైద్యమును చిన్నచూపు చూడవా అని స్వతంత్ర పరిశోధకులు ప్రశ్నింతురు. దాచిన సందర్భములు కలవు. కీళ్లనొప్పులకు వాడిన వయాక్స్ అను మందు గుండెకు కీడు చేయుటచేత 2004లో అంగడినుండి తొలగింపబడెను. అయితే ఆ కీడును బయటపెట్టినది, మందు తిన్న జట్టును తినని జట్టుతో పోల్చిన పరీక్షయే. కంపెనీ వంచనకు విరుగుడు మరింత పరీక్ష. పరీక్షలేని మరియొక మందు కాదు. ఇక దేశీయ వైద్యము విషయము. సుబ్బారావు అమెరికా పోవుటకు ముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినవాడే. మూలిక యను కారణమున దేనిని త్రోసివేయరాదు. మూలిక యను కారణమున దేనిని ఒప్పుకొననురాదు.

చట్టమును గూర్చియు ఒక మాట. కొన్ని రోగములను కుదుర్తుమని ప్రకటించుటను 1954 నాటి ఔషధ, అద్భుత చికిత్సల చట్టము నిషేధించినది. డబ్బాపై ఉండు 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఆ వస్తువును ఆహారముగా అమ్ముటకు అనుమతి మాత్రమే. రోగము కుదుర్చునను ముద్ర కాదు. ఆ డబ్బాపైననే ఔషధముగా వాడుటకు కాదని చిన్న అక్షరములలో ఉండును. ప్రచారకుని కంఠమున వినబడు మాటయు డబ్బాపై వ్రాసిన మాటయు భిన్నమైనప్పుడు, చట్టమునకు వెరచి వ్రాసినదే నిజమునకు దగ్గర.

కావున ఫోరస్ రోడ్డు గృహిణి అడుగదగిన ప్రశ్నలు కొద్దివి: ఈ మందు తిననివారు ఏమైరి? తిని బాగుపడనివారు ఎందరు? ఎవరు దీనిని తినరాదు? ఏమి కనబడినచో మీ మాట తప్పని ఒప్పుకొందురు? ఆసుపత్రి మందు మానుమనినచో, అట్లు మాని చెడినవానికి బాధ్యులెవరు? ఈ ప్రశ్నలకు ఓపికగా సమాధానము చెప్పువాడు పట్టము లేనివాడైనను వినదగినవాడు. కోపగించువాడును, వందమంది కృతజ్ఞుల ఉత్తరములు చదువువాడును ఎంత పేరు గలవాడైనను ఆప్తుడు కాడు. విద్యలేని ముదుసలి కూడ ఈ ప్రశ్నలను అడుగగలదు. వానిని తెలుగులో అడుగుటకు వలయు మాటలు మన శాస్త్రములో చిరకాలముగా ఉన్నవి.