వకీలు రాసిన ఉద్యమ చరిత్ర

లాల్‌దర్వాజా గల్లీల్లో ఇవాళ తెలుగూ ఉర్దూ ఒకే వాక్యంలో కలిసి దొర్లుతాయి. ఇదే నగరంలో, 1921 నవంబర్‌లో, వివేకవర్ధని థియేటర్ సభలో వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజనసంఘం పుట్టింది.

దాని సారథి మాడపాటి హనుమంతరావు కూడా వకీలే. 'తెలంగాణా ఆంధ్రోద్యమము' రాసిందీ ఆయనే. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందే అనుమతి కావాల్సిన రోజులవి. అందుకే గ్రంథాలయాలు, అర్జీలు, 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు బడి... ఇదీ ఆయన దారి. తర్వాతి తరం దీన్ని మెతకతనమంది. నిజమే, అర్జీలతో వెట్టి పోలేదు. కానీ అర్జీ రాయడం నేర్చినవాడే ఒకరోజు నిలదీస్తాడు. తిరుగుబాటుకు ముందు జరిగిన ఆ ఓపిక పనికోసమే ఈ పుస్తకం చదవాలి.