‘కొట్టు’ పనితనం

పొద్దున రైతు పత్తిచేలో మందు కొడతాడు. పొద్దుగూకాక ఊరి చివర నలుగురు చేరి మందు కొడతారు. రెండుచోట్లా మాటలు అవే, వరుస కూడా అదే. అయినా ఏది పురుగుమందో, ఏది సారాయో వినేవాడు ఎన్నడూ తడబడడు. జ్వరం వచ్చినవాడు మాత్రం మందు వేసుకుంటాడు తప్ప కొట్టడు. ఇంత తేడా ఉన్న పనులను ఒకే క్రియతో చెప్పగలగడం మామూలు నేర్పు కాదు.

వాడుకలో పుట్టిన ఇలాంటి పలుకుబళ్లను నోటికొచ్చినట్టు మాట్లాడటం కింద జమకట్టడం చాలామందికి అలవాటు. దగ్గరగా చూస్తే వీటిలో గట్టి పనితనం ఉంది. అందుకు ‘కొట్టు’కు మించిన నమూనా నాకు కనిపించదు. ఫోన్ కొడతాం, టైరుకి గాలి కొట్టిస్తాం, బంకులో పెట్రోలు కొట్టిస్తాం, గోడకి సున్నం కొడతాం, చెరువులో ఈత కొడతాం. వీటిలో ఎవరికీ దెబ్బ తగలదు.

ముందుగా చూడాల్సింది జోడింపు. ఎరుకలామె చేసేది సోది చెప్పడం. చెయ్యి పట్టుకుని జరిగిందీ జరగబోయేదీ చెబుతుంది, వినేవాళ్లు శ్రద్ధగా వింటారు. అదే నామవాచకం పక్కన ‘చెప్పు’ తీసి ‘కొట్టు’ పెడితే శ్రద్ధంతా ఎగిరిపోతుంది. సోది కొట్టడమంటే అవతలివాడికి అక్కర్లేని మాటలు ఆపకుండా చెప్పడం. కన్ను సంగతీ అంతే. ఒకరి ఆస్తిమీద కన్ను వేస్తే దురాశ, కన్ను కొడితే చిలిపితనం. నామవాచకం కదల్లేదు, క్రియ ఒక్కటే మారింది, మనిషి స్వభావమే వేరైపోయింది.

ఈ జోడింపుకి హద్దులూ ఉన్నాయి. కబుర్లు చెబుతాం, బాతాఖానీ కొడతాం. ఈల వేస్తాం, కొడతాం కూడా. కేక మాత్రం వేస్తాం, పెడతాం, కొట్టం. ఇవి ఏ బడిలోనూ నేర్పలేదు. అయినా ఆరేళ్ల పిల్లవాడు కూడా వీటిలో తప్పు చేయడు.

ఇంతకీ ఈ క్రియ కొత్తగా తెచ్చేదేమిటి? కొన్నిచోట్ల ఒక్క ఊపులో పని అయిపోయిన సంబరం తెస్తుంది: సిక్సు కొట్టాడు, లాటరీ కొట్టాడు. కొన్నిచోట్ల చేసిందే మళ్లీ మళ్లీ చేయడాన్ని చూపిస్తుంది: డప్పు కొట్టడం, వీధి చుట్టూ చక్కర్లు కొట్టడం. మరికొన్నిచోట్ల పెద్దలు ఒప్పుకోని పనికి కాస్త కొంటెతనం అద్దుతుంది: క్లాసుకి డుమ్మా కొట్టడం, పరీక్షలో కాపీ కొట్టడం, సైటు కొట్టడం. ‘గైర్హాజరు’ రిజిస్టరులోని మాట. ‘డుమ్మా కొట్టాడు’ అన్నప్పుడు గోడ దూకిన కుర్రాడు కళ్లముందుకొస్తాడు.

ఎవరు ఎవరిని కొడుతున్నారన్నది మరో సూక్ష్మం. ‘వాడు సోది కొడుతున్నాడు’ అంటే కర్త వాడే. ‘నాకు బోర్ కొడుతోంది’ అన్నప్పుడు కర్త బోరు, దెబ్బ తినేది నేను. ‘వాడు బోర్ కొట్టించాడు’ అంటే వాడు బోరు చేత నన్ను కొట్టించాడన్నమాట. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటను తీసుకుని, తెలుగు వాక్య నిర్మాణంలో ఇంత బిగువుగా ఇమిడ్చినవారి పేరు ఎవరికీ తెలియదు. మాయాబజార్ సినిమాలో ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అల్లిన పింగళి నాగేంద్రరావును 1957 నుంచి తలుచుకుంటున్నాం. బోర్‌కి ‘కొట్టు’ జోడించిన అనామకుడికీ ఆ గౌరవం దక్కాలి.

తోకలు చేర్చినప్పుడు ఈ క్రియ అసలు సత్తా బయటపడుతుంది. ‘కొను’ చేరిన రూపాన్నే చూడండి. పిల్లలు కొట్టుకుంటారు, ఒకరినొకరు. గుండె కొట్టుకుంటుంది, తనంతట తాను. గొప్పలకు పోయేవాడు సొంత డబ్బా కొట్టుకుంటాడు, తన లాభం కోసం. మాట వినని కొడుక్కి అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతుంది, వాడి మేలు కోసం.

‘వేయు’ చేరితే ఇంకా వింత. ‘పిటిషన్‌ను హైకోర్టు కొట్టివేసింది’ అని పత్రికలు గంభీరంగా రాస్తాయి. ‘బస్సులో ఎవడో పర్సు కొట్టేశాడు’ అని ప్రయాణికుడు లబోదిబోమంటాడు. రెండూ ‘కొట్టి’, ‘వేయు’ కలిసిన మాటలే. అక్షరాలు విడిగా పలికితే న్యాయమూర్తి, కుదించి పలికితే జేబుదొంగ! మంచి ఉద్యోగమో, సినిమా ఛాన్సో కొట్టేశాడంటే మళ్లీ అందులో దొంగతనం లేదు, అసూయతో కలిసిన మెచ్చుకోలు ఉంది.

పని చేసేవాళ్ల నుంచి వచ్చినవీ ఉన్నాయి. నానిన బియ్యాన్ని రోట్లో దంచి జల్లించిన ఇంట్లోంచి ‘అది ఆయనకి కొట్టిన పిండి’ వచ్చింది. ఎంత చేయి తిరిగిన పనో చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేదు. సినిమావాళ్లకైతే ఒక చిత్రం మొత్తం రెండు దెబ్బల మధ్య ఉంటుంది: కొబ్బరికాయ కొట్టారంటే షూటింగు మొదలైంది, గుమ్మడికాయ కొట్టారంటే ముగిసింది.

ఈ విద్య మన ఒక్కరిదే కాదు. బోర్‌కీ కాపీకీ తమిళులు ‘అడి’ని, కన్నడిగులు ‘హొడె’ను జోడిస్తారు. హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు కంటికీ ఈలకీ ‘మార్నా’ వాడతారు. అన్నిటికీ అసలు అర్థం కొట్టడమే. ఇరుగుపొరుగు భాషలు ఒకే పనిముట్టును ఎవరి పిడికిలికి తగ్గట్టు వారు మలచుకున్నాయి.

నిఘంటువులో కన్ను ఒకచోట, కొట్టు ఇంకోచోట ఉంటాయి. చుట్టూ తెలుగు వినిపించని అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకి రెండూ విడివిడిగా తెలుసు. కలిపితే ఏమవుతుందో అమ్మానాన్నలు చెప్పాలి. భాష నేర్పే పుస్తకాలు ఈ జంటలను జంటలుగానే, ఎవరితో అనవచ్చో ఎవరి ముందు అనకూడదో కూడా చెబుతూ పాఠాల్లో చేర్చాలి. తాతగారితో ‘టీ తాగుదామా’ అంటాం, స్నేహితుడితోనే ‘టీ కొడదామా’ అంటాం. ఆ తేడా తెలిసినవాడికి తెలుగు వచ్చినట్టే.